మూత మీద ‘స’

ప్రయోగశాలల్లో కొత్తగా చేరిన పిల్లలు అప్పుడప్పుడు నా దగ్గరికి వచ్చి, “మీ సర్వీసులో మీరు చేసిన పెద్ద పని ఏది సార్?” అని అడుగుతుంటారు. అది పెద్ద పనులు చేసినవాళ్లను అడగాల్సిన ప్రశ్న. నన్ను అడిగితే నేను చేసిన పెద్ద తప్పు ఏదో చెప్పగలను. ఎంత పెద్దదంటారా, చిటికెన వేలి గోరంత మూత మీద పట్టే ఒక్క అక్షరమంత.

నాది మేడ్చల్ దగ్గర రావల్కోల్. కెమిస్ట్రీలో డిగ్రీ చదివి, తొంభైల్లో చాలా ఏళ్లు జీడిమెట్లలో ఒక మందుల కంపెనీలో, నాణ్యత పరీక్షల విభాగంలో పని చేశాను. మేడ్చల్ నుంచి గండిమైసమ్మ దాకా ఒక బస్సు, అక్కడి నుంచి ఇంకొకటి. పని నాకు బాగానే వచ్చు. రానిదల్లా వాళ్ల తెలుగే. ఒకసారి షిఫ్టు పుస్తకంలో ‘సల్లారినంక వడపోసిన’ అని రాశాను. మా విభాగం పెద్దాయన దాన్ని ఎర్ర సిరాతో చుట్టి, పదిమందిలో పైకి చదివి, “సల్లారడం ఏమిటయ్యా, చల్లారడం. చ రాయడం రాదా నీకు?” అన్నాడు. అందరూ నవ్వారు. ఏడవలేక నేనూ నవ్వాను. చ నాకు రాక కాదు. బడిలో మా సారు వేళ్ల మీద కొట్టి మరీ నేర్పాడు. కానీ మా ఇంట్లో చల్ల సల్లే, చప్ప సప్పే. ఆ రోజు నుంచి నన్నొక మొండితనం పట్టుకుంది. పైవాళ్లకు చూపించే కాగితం మీద ‘చ’ రాస్తాను, నా కోసం నేను రాసుకునేదాని మీద ‘స’ రాస్తాను. ఇందులో ఎవరికి నష్టం అనుకున్నాను.

కొత్త శతాబ్దం మొదలైన ఒకటి రెండేళ్లకు, శామీర్‌పేట వైపు మెదడు మీద పరిశోధన చేసే ఒక చిన్న సంస్థలో టెక్నీషియన్ ఉద్యోగం దొరికింది. బస్సుల బాధ తప్పింది, స్కూటర్ మీద పోయి వచ్చేవాణ్ని. మా ల్యాబుకు అధిపతి పాతబస్తీలో పుట్టి పెరిగిన మనిషి. అందరం పెద్దసారు అనేవాళ్లం. ఆయన తెలుగులో మొదలుపెట్టి, సగంలో ఉర్దూలోకి దిగి, పూర్తి చేసేటప్పుడు ఏ భాషలో ఉన్నాడో ఆయనకే తెలిసేది కాదు. మొదటి రోజే నాతో, “చూడు మియా, ఇక్కడ నువ్వు చేసే నీళ్లే మా ఆంఖే. నీళ్లు ఖరాబైతే మేమంతా అంధే, గుడ్డోళ్లం” అన్నాడు.

నీళ్లంటే ద్రావణాలు. ఎలుక మెదడును పలచటి బిళ్లలుగా కోసి, ఆక్సిజన్ బుడగలు పట్టించిన ఉప్పునీళ్లలో ఉంచితే, అందులోని కణాలు కొన్ని గంటలు బతికే ఉంటాయి. మైక్రోస్కోపు కింద కావలసిన కణాన్ని వెతికి, వెంట్రుక కన్నా సన్నటి మొన ఉన్న గాజుగొట్టాన్ని దానికి ఆనించి పట్టు దొరికించుకుంటే, ఆ కణంలో పుట్టే కరెంటు తెర మీద గీతగా కనిపిస్తుంది. ఆ గాజుగొట్టంలో ఒక ద్రావణం నింపాలి. అది మెల్లగా కణం లోపలికి పోతుంది. కాబట్టి అందులో ఏముందో అదే కణం లోపలా ఉంటుంది. దాన్ని తయారుచేసి, చిన్న చిన్న ట్యూబుల్లో పోసి, ఫ్రీజరులో దాచడం నా పని.

ఆ ద్రావణం రెండు రకాలు. ఒకదానిలో క్లోరైడ్ ఎక్కువ. అది నేను చేరకముందు నుంచీ వాడుకలో ఉన్నదే. రెండోదానిలో క్లోరైడ్ చాలావరకు తీసేసి, బదులు గ్లూకోనేట్ అనే ఇంకో లవణం వేస్తారు. పొడుగు పేర్లు నోరు తిరగక నా లెక్కలో మొదటిదాన్ని ఉప్పుది అనీ, రెండోదాన్ని సప్పది అనీ పిలుచుకున్నాను. నాలుక మీద వేసుకుని చూడలేదు లెండి. ఉప్పుది అందరికీ అలవాటైనదే కనుక దాని మూత ఖాళీగా వదిలేసేవాణ్ని. సప్పదాని మూత మీద ‘స’ అని రాసేవాణ్ని. ఆ మూత మీద అంతకన్నా పట్టదు కూడా.

సప్పది అవసరమైంది కొత్తగా చేరిన పరిశోధక విద్యార్థినికి. కృష్ణా జిల్లా అమ్మాయి. చురుకు మనిషి, మాట పూర్తికాకముందే “అర్థమైంది సార్” అనేది. చేరిన రోజు క్యాంటీన్లో, “సల్ల తాగుతరా మేడం?” అని అడిగాను. ఆమె రెండు నిమిషాలు ఆలోచించి, “మజ్జిగా? మజ్జిగ అనొచ్చు కదండీ” అని నవ్వింది. ఎర్ర సిరా గుర్తొచ్చి నాకు నవ్వు రాలేదు.

కానీ ఆ అమ్మాయి పని గురించి మాట్లాడితే వినాలనిపించేది. స్టీలు గ్లాసు అంచు మీద వేలు తిప్పుతూ చెప్పేది. మెదడు లోపల స్ట్రయేటమ్ అని ఒక భాగం ఉంది. ఏ కదలిక మొదలుపెట్టాలి, దేన్ని ఆపి ఉంచాలి అన్న తీర్పులో దానిదే పెద్ద చేయి. అందులో నూటికి తొంభైకి పైగా ఒకే జాతి కణాలు, వాటి తీగలే బయటికి పోయి కబురు చెబుతాయి. మిగిలిన గుప్పెడు కణాల తీగలు ఆ ఇల్లు దాటి పోవు. వాటిలో కొన్ని మహా వేగంగా మోగుతాయి, అంటే కరెంటు దెబ్బలు కొడతాయి. అలాంటిది ఒక్కొక్కటీ చుట్టుపక్కల కొన్ని వందల పెద్ద కణాలను తాకుతుంది. తాకి చెప్పే మాట ఒకటే, ఆగు.

“గంత కొంచెం మంది గంత మందిని ఆపుతరా?” అన్నాను.

“అదే కదా సార్ చూడాల్సింది. ఒక్కటి చెబితే ఒక పెద్ద కణం నిజంగా ఆగుతుందా, లేక పదీ ఇరవై కలిసి చెప్పాలా అని.”

“మా నాయిన మా ఊరి చెరువుకు నీరటి. మూడొందల ఎకరాల ఆయకట్టుకు ఆయన ఒక్కడే” అన్నాను.

“అంటే నీళ్లు వదిలే ఆయనా?”

“ఇడిసేది ఎవలైనా ఇడుస్తరు మేడం. ఎప్పుడు బంద్ జెయ్యాలె, ఎవని మడికాడ బంద్ జెయ్యాలె అన్నది ఎరికైనోడు నీరటి.”

ఆమె గ్లాసు పక్కన పెట్టి, “ఇది రాసుకోవచ్చా?” అని అడిగింది. నిజంగానే రాసుకుంది. ఆ రోజుతో మజ్జిగ సంగతి మరిచిపోయాను.

ఆ వారంలోనే ఫ్రీజరు చూపించాను. నాకు ఆ రోజు తొందర. మేడ్చల్ స్టేషనుకు పోవాలి, చెల్లె వస్తోంది. పెట్టె తీసి, “గివి స రాసినయి, గివి ఉట్టియి” అన్నాను. ఉట్టివంటే మూత మీద ఏమీ రాయనివి అని నా ఉద్దేశం. ఆమె, “అర్థమైంది సార్” అంది. నేను స్కూటర్ తాళం తీసుకుని వచ్చేశాను.

ఆమెకు అర్థమైంది ఏమిటో ఇప్పుడే చెప్పేస్తాను, దాచి మిమ్మల్ని పరేషాన్ చేయను. ఆమె ఇంట్లో చప్పకు ‘చ’. కనుక ‘స’ అంటే సాల్ట్ అనుకుంది. ఉట్టివంటే ఉప్పు లేని ఉట్టివి అనుకుంది. నేను చెప్పిన రెండు మాటలూ ఆమె చెవిలో పడేసరికి సరిగ్గా తలకిందులయ్యాయి. తెలుగువాళ్లం ఇద్దరం ఒకరితో ఒకరం తెలుగులోనే మాట్లాడుకున్నాం.

తర్వాత ఏడాది పైగా ఆమె పడ్డ కష్టం నేను చూశాను. రెండు గాజుగొట్టాలతో ఒకేసారి ఒక చిన్న కణాన్నీ, దాని పక్కనున్న పెద్ద కణాన్నీ పట్టుకోవాలి. ఆ చిన్నవి కనిపించడమే అరుదు. కనిపిస్తే పట్టు చిక్కదు, చిక్కితే పక్కదానితో సంబంధం ఉండదు. వారాల తరబడి ఒట్టి చేతులతో లేచిపోయేది. అలా అలా పదకొండు జతలు దొరికాయి. పదకొండింటిలోనూ ఒకటే వింత. చిన్న కణం మోగగానే పెద్ద కణం ఆగడం కాదు, ఎగిరి లేస్తోంది. కొన్నిసార్లు తానూ మోగుతోంది.

పెద్దసారు తెర ముందు కుర్చీ లాక్కుని కూర్చున్నాడు. “యార్, దునియా మొత్తం దీన్ని బ్రేకు అంటాంది. ఇదేమో యాక్సిలేటర్. లోపల ఏం నింపినవ్?”

“క్లోరైడ్ తక్కువున్నదే సార్” అంది ఆమె.

ఆయన నా వైపు తిరిగాడు. “మియా, నీళ్లు బరాబర్ ఉన్నయా?”

“బరాబర్ ఉన్నయి సార్” అన్నాను.

ఆ మాట అనడానికి ముందు నేను ఫ్రీజరు తలుపు తీయలేదు. నేను చేసినవి బరాబర్‌గా చేశానని నాకు తెలుసు. ఆమె తీసుకున్నవి ఏవో చూడాలన్న ఆలోచనే రాలేదు. పిల్లలూ, మీకు నేను చెప్పదలచింది ఇంతకన్నా పెద్దగా ఏమీ లేదు. ఎవరైనా మిమ్మల్ని బరాబర్ ఉందా అని అడిగితే, లేచి వెళ్లి చూసి వచ్చాక చెప్పండి.

పెద్దసారు ఉత్సాహం ఆపేవాడు లేడు. ఏటా వచ్చి అందరి పని చూసే నిపుణుల కమిటీ ముందు శుక్రవారం ఆమె మాట్లాడాలని ఖాయమైంది. ఆమె ఫెలోషిప్ పొడిగించాలా వద్దా అన్నది కూడా ఆ కమిటీ చేతిలోనే ఉంది. అమ్మాయి పది రోజులు అన్నం సరిగ్గా తినలేదు. భయం కాదు, సంతోషం.

గురువారం పదకొండు గంటలకు కరెంటు పోయింది. ఎండాకాలం ఆ వైపు అది మామూలే. ఆ రోజు జనరేటరు కూడా మొరాయించింది. ఫ్రీజరు కరిగిపోకుండా అందులోవన్నీ మంచు నింపిన థర్మోకోల్ పెట్టెల్లోకి మార్చడానికి నేనూ, ఎలుకల గది చూసుకునే అక్కా కూర్చున్నాం. ఆమెది శామీర్‌పేటే. నన్ను తమ్మీ అంటుంది. ఒక్కొక్క ట్యూబూ అందిస్తూ, లెక్క పెడుతూ ఉన్నట్టుండి ఆగింది.

“తమ్మీ, గీ స వి ఎవ్వలు ముట్టనట్టే ఉన్నరు. నలభై ఉన్నయి. ఉట్టియి చూస్తె అయిపోవచ్చినయి.”

“గట్లెట్ల, సరిగ లెక్కవెట్టు.”

“రెండుసార్లు వెట్టిన.”

నేనూ పెట్టాను. నలభై. నేను చేసింది నలభై నాలుగు. ఆ నాలుగూ మొదట్లో నేనే పరీక్షకు వాడాను. అంటే ఆ అమ్మాయి ‘స’ ఉన్న ట్యూబు ఒక్కటీ ముట్టలేదు. ఈ ఏడాది అంతా ఉప్పుదే నింపింది. ఉట్టివి ల్యాబంతా వాడేవి కనుక అవి తరిగినా, ‘స’ వి మళ్లీ చేయమని ఎవరూ అడగకపోయినా నాకు అనుమానం రాలేదు. అక్కడే స్టూలు మీద కూర్చున్నాను.

ఉప్పుది నింపితే ఏమవుతుందో నాకు తెలుసు, పెద్దసారే ఒకసారి బోర్డు మీద గీసి చెప్పాడు. ఆగు అనే కబురు అందగానే పెద్ద కణం గోడలో క్లోరైడ్ తలుపులు తెరుచుకుంటాయి. మామూలుగా క్లోరైడ్ బయట ఎక్కువ, లోపల తక్కువ. కనుక అది లోపలికి వచ్చి కణాన్ని అణిచి ఉంచుతుంది. మనమే గాజుగొట్టంతో లోపల క్లోరైడ్ దట్టించి పెడితే, తలుపు తెరవగానే అది బయటికి పారుతుంది, కణం ఉలిక్కిపడి లేస్తుంది. బ్రేకు యాక్సిలేటర్‌గా కనిపించేది అందుకే. పదకొండు జతల్లో కనిపించింది మెదడు రహస్యం కాదు, నా మూత.

అక్క ఎలుకలకు నీళ్లు పెట్టడానికి పోయింది. నేను ఆ నలభై ట్యూబుల పెట్టె చంకన పెట్టుకుని గాజుసామాను కడిగే గదిలోకి పోయాను. ఎందుకు పోయానో దాచను. అవి వంపేస్తే ఏ సాక్ష్యమూ ఉండదు. సప్పది ఖర్చయిపోయింది, మళ్లీ చేయాలని పుస్తకంలో రాస్తే చాలు. ఎప్పుడో ఏ దేశంలోనో ఎవరో ఆ పని మళ్లీ చేసి, తేడా వచ్చిందంటే అప్పటి సంగతి. జీడిమెట్లలో ఒక ‘స’ కు పదిమంది నవ్వారు. ఈ ‘స’ కు ఉద్యోగమే పోతుంది. కుళాయి తిప్పాను. ఒకటి వంపాను. రెండోది వంపాను. మూడోది కూడా వంపాను. నాలుగోదాని మూత తీశాను, చేయి అక్కడే ఆగిపోయింది. ఎంతసేపో తెలియదు. కుళాయి పారుతూనే ఉంది.

మూత బిగించి, పెట్టె పట్టుకుని ఆమె గదికి పోయాను. రేపటి ప్రసంగం కాగితాలు ముందేసుకుని కూర్చుని ఉంది.

“మేడం, స అంటే ఏందనుకున్నరు?”

“సాల్ట్. ఎందుకు సార్?”

“సప్ప. స అంటే సప్ప.”

ఆమెకు వెంటనే తెలియలేదు. “చప్పా?” అంది. తర్వాత పెట్టె వైపు చూసింది, తర్వాత గోడకు అంటించిన తన పదకొండు గీతల వైపు చూసింది.  ప్రసంగం కాగితాలు పక్కకు తోసేసింది.

“మీరు తెలుగు సరిగ్గా రాసుంటే ఇది జరిగేది కాదు.”

“నేను రాసింది తెలుగే” అన్నాను. నాకూ కోపం వచ్చింది, ఆ సమయంలో రాకూడనిదే అయినా. “మీరు అడగలె. నేను జెప్పలె. అక్షరం మీద ఎయ్యకుండ్రి.”

ఆమె తల దించుకుని ఏడ్చింది. నేను తలుపు దగ్గర నిలబడ్డాను. పోవాలో ఉండాలో తెలియలేదు. కాసేపటికి ముఖం తుడుచుకుని, “సల్ల అన్న రోజే నాకు బుర్ర వెలగాల్సింది” అంది. “మీరు చెప్పకపోతే ఎవరికీ తెలిసేది కాదు కదా?”

“మూడు వంపిన. ముప్పై ఏడున్నయి” అన్నాను. అది కూడా చెప్పకపోతే చెప్పింది సగమే అవుతుంది.

పెద్దసారు విని కళ్లద్దాలు తీసి బల్ల మీద పెట్టాడు. తిడతాడనుకున్నాను. “నేను కూడా చూసుండాలె. బరాబర్ అన్న మాట విని ఊరుకున్న” అన్నాడు. తిడితే బాగుండేది. రేపటి ప్రసంగం రద్దు చేద్దామన్నాడు. ఆ అమ్మాయి ఒప్పుకోలేదు.

శుక్రవారం ఆమె కమిటీ ముందు నిలబడి, తాను చూపించాల్సిన పదకొండు గీతలూ చూపించి, ఇవన్నీ తప్పు ద్రావణంతో తీసినవని చెప్పింది. ఒక పెద్దమనిషి, తప్పు ఎవరిది అని అడిగాడు. ఆమె, నాదే, మూత మీద ఏముందో అడిగి తెలుసుకోలేదు అంది. వెనక కుర్చీలో కూర్చున్న నేను లేచాను. “లేదు సార్, అది రాసింది నేను” అన్నాను. టెక్నీషియన్లకు ఆ గదిలో మాట్లాడే అలవాటు లేదు. అందరూ వెనక్కి తిరిగి చూశారు. ఆ పెద్దమనిషి కాగితం మీద ఏదో రాసుకుని, ఆరు నెలలు అన్నాడు. ఆరు నెలల్లో సరైన ద్రావణంతో ఏదైనా తేలితే సరి, లేకపోతే ఫెలోషిప్ అంతటితో ఆగిపోతుంది, ఆమె ఇంటికి పోవాలి.

పాతవన్నీ పారేసి నేను మళ్లీ చేశాను. ఈసారి ట్యూబుల మూతల మీద కాదు, ఒంటి మీద చుట్టూ కాగితం అంటించి పూర్తి పేరు రాశాను. రోజూ పొద్దున ఆమె ట్యూబు తీసి పైకి చదివేది. నేను అవునని చెప్పేవాణ్ని. ఆమె నింపేది. మొదట్లో మా ఇద్దరికీ అది సిగ్గుగా ఉండేది, తర్వాత దేవుడికి దీపం పెట్టినంత మామూలైపోయింది.

ఒక నెల పోయింది. రెండో నెలలో ఒక జత దొరికి, గీత తీసేలోపే జారిపోయింది. మూడో నెలలో ఏమీ లేదు. ఆమె చిక్కిపోయింది. ఒకరోజు టీ తాగుతూ ఉన్నట్టుండి అడిగింది.

“సార్, మూడే ఎందుకు వంపారు? నాలుగోదాని దగ్గర ఎందుకు ఆగారు?”

“తెల్వదు బిడ్డా.” అప్పటికి మేడం పోయి బిడ్డ వచ్చింది. “నీ యాది వచ్చిందని జెప్పాల్నని ఉంది. కని అబద్ధం. ఏం యాదికి రాలె. చెయ్యి ఆగింది, గంతే.”

“మీ మెదడు బిళ్ల కోసి చూడాలి సార్.”

“ఇంకో పదిహేనేండ్లాగు, రిటైరైనంక ఇస్త.”

చాలా రోజుల తర్వాత ఆ రోజు నవ్వింది.

నాలుగో నెల చివర, ఒక మధ్యాహ్నం, “సార్, జల్దీ రండి” అని కేక వినిపించింది. జల్దీ అన్న మాట మా దగ్గరే నేర్చుకుంది. పరుగెత్తాను. జత దొరికింది. రెండు గొట్టాలూ నిలిచాయి. కానీ ఆమె తెర వైపు వేలు చూపించింది. తెర మీద చిన్న కణం మోగింది. పెద్ద కణం గీత కొద్దిగా, వేలెడంత కూడా కాదు, పైకే లేచింది.

“మళ్లీ పైకే వస్తోంది. సార్, ట్యూబు...”

“నువ్వే సదివినవు. నేనే చేసిన. సప్పదే. నా తల్లి మీద ఒట్టు.”

చెత్తబుట్టలోంచి ఆ ఖాళీ ట్యూబు తీసి ఇద్దరం మళ్లీ చదివాం. సరైనదే. పెద్దసారు కూడా వచ్చి వెనక నిలబడ్డాడు.  గాజుగొట్టాలు ఎంతసేపు నిలుస్తాయో తెలియదు. పది నిమిషాలు కావచ్చు, అర నిమిషం కావచ్చు. నాకు అప్పుడు ఎందుకో మా నాయిన గుర్తొచ్చాడు. తూము దగ్గర నిలబడి చూస్తే ఏమీ తెలియదనేవాడు, పోయి కింది మడిలో నీళ్లు వచ్చాయా లేదా చూడమనేవాడు.

“బిడ్డా, పెద్దదాన్ని ఉట్టిగ ఎందుకు పండవెట్టినవు? దాన్ని పనిల వెట్టి అప్పుడు ఆపి సూడు” అన్నాను.

నేనేదో కనిపెట్టానని కాదు. ఆమె చేయబోయేది అదేనట. పెద్ద కణానికి కొద్దిగా కరెంటు ఎక్కించింది. అది మోగడం మొదలుపెట్టింది. తెర మీద ఎత్తైన గీతలు ఒకదాని వెనక ఒకటి, ఒకే ఎడంతో వస్తున్నాయి. అప్పుడు చిన్నదాన్ని ఒక్కసారి మోగించింది. సరిగ్గా రావలసిన చోట పెద్దదాని గీత రాలేదు. ఖాళీ. ఆ తర్వాత మళ్లీ మామూలుగా మొదలైంది. మళ్లీ చిన్నది మోగింది. మళ్లీ అక్కడ ఖాళీ. ఒక్క చిన్న కణం, ఒక్క మోత, పెద్దది నోరు మూసుకుంది.

“చూసినవా మియా” అన్నాడు పెద్దసారు మెల్లగా. “ఏడాదిన్నర వచ్చినదాన్ని చూసినం. చూడాల్సింది రానిదాన్ని.”

తర్వాత ఆమె నాకు అర్థమయ్యేలా చెప్పింది. పెద్ద కణం పని లేకుండా ఉన్నప్పుడు చాలా లోతున పడి ఉంటుంది. ఆగు అనే కబురు దాన్ని ఒక మెట్టు దగ్గర నిలబెడుతుంది. కింద పడి ఉన్నప్పుడు ఆ మెట్టు దాకా కొద్దిగా లేపినట్టు కనిపిస్తుంది, మోగబోతూ పైకి పోతున్నప్పుడు అదే మెట్టు దగ్గర పట్టి ఆపుతుంది. పైకి లేపేదంతా ఎగదోసేది కాదు. నాకు ఆ రోజు రాత్రి అన్నం ముందు కూడా అదే ఆలోచన. ఎన్ని పనులు నేను చేశానని చెప్పుకున్నానో, ఎన్ని చేయబోయి ఆగిపోయానో, ఆ ఆగినవాటికి లెక్క ఎవరి దగ్గర ఉంటుందో అని.

మిగిలిన రెండు నెలల్లో ఇంకో నాలుగు జతలు దొరికాయి. అయిదింటిలోనూ అదే ఖాళీ. ఫెలోషిప్ నిలిచింది, ఆమె థీసిస్ రాసింది. పాత పదకొండు జతలనూ పారేయలేదు. లోపల క్లోరైడ్ ఎక్కువైతే అదే కబురు ఎలా తలకిందులుగా కనిపిస్తుందో చూపించడానికి వాటితో ఒక అధ్యాయమే పెట్టింది. పరీక్షకు వచ్చిన ఆయన ఆ అధ్యాయాన్ని మెచ్చుకున్నాడట. ఇంత ముందుచూపుతో పోల్చి చూడాలని ఎలా తట్టింది అని అడిగితే, ఆమె ఏమీ దాచకుండా జరిగింది చెప్పిందట. ఆయన ఆ గ్లాసెడు మజ్జిగ కథ కూడా చెప్పించుకున్నాడట.

వెళ్లిపోయే ముందు నా గదికి వచ్చి, నల్ల అట్ట వేసిన ఒక ప్రతి నా చేతిలో పెట్టింది. మొత్తం ఇంగ్లిషు. నాకు కావలసిన పేజీ నాకు తెలుసు, ద్రావణాల పట్టిక. అందులో రెండు వరుసలు. అప్పట్లో మా ల్యాబు కంప్యూటరు తెలుగు అక్షరం తీసుకునేది కాదు. అందుకని ఆమె ఆ రెండు వరుసల మొదట్లో కొంచెం ఖాళీ వదిలి, అచ్చయ్యాక అయిదు ప్రతుల్లోనూ పెన్నుతో రాసింది. పై వరుసలో ఉప్పు. కింది వరుసలో సప్ప.

నేను కళ్లద్దాలు సరిచేసుకుని మళ్లీ చూశాను.

“పై సార్లకు ఇచ్చిన దాంట్ల కూడ గిట్లనే రాసినవా?”

“అయిదింట్లోనూ సార్.”

చ కాదు. స.